సన్నబడిన కప్పను ముందు వేరు చేయండి, ట్యాంకు సంగతి తర్వాత

పేరు వేయొద్దని కోరిన ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. పొడవుగా ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

పదకొండేళ్ల కూతురు పట్టుబట్టడంతో ఆయన రెండు నెలల కిందట మూడు డార్ట్ కప్పలు (అడవిలో విషం ఉండే, రంగురంగుల చిన్న కప్పలు) తెచ్చారు. మూడూ డెండ్రోబేటిస్ టింక్టోరియస్ జాతివి, ఎనిమిది నెలల వయసువి, పెంపకంలోనే పుట్టినవి. ట్యాంకు 60 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. అడుగున మూడు సెంటీమీటర్ల గులకరాళ్లు పరిచి, వాటి మీద నేరుగా కొబ్బరిపొట్టు పోసి, మొక్కలు నాటి, మూడో రోజే కప్పల్ని వదిలారు. తేమ నూటికి నూరు ఉండాలని ఎక్కడో చదివి, పైమూత సందుల్ని కూడా ప్లాస్టిక్‌తో మూసేశారు. రెండు నాజిళ్ల స్ప్రే యంత్రం రోజుకు నాలుగుసార్లు, నిమిషం చొప్పున నీళ్లు చల్లుతోంది. ఇప్పుడు మొక్కల మొదళ్లు కుళ్లుతున్నాయి, అడుగు కదిలిస్తే కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. ఒక కప్ప బాగా చిక్కిపోయింది. తుంటి ఎముకలు పైకి తేలాయి. ఎప్పుడు చూసినా వెనక మూల, అద్దానికి అతుక్కుని పైనే ఉంటోంది. “మిగతా రెండూ బొద్దుగా ఉన్నాయి. వాటిలో పెద్దది అప్పుడప్పుడు దీని వీపెక్కి కూర్చుంటుంది, ఆడుకుంటున్నాయి అనుకున్నాం” అని రాశారు. విటమిన్ పొడి వారానికోసారి చల్లుతున్నారు, దాని డబ్బా లైటు పక్కనే ఉంటుంది. మేతకు పెంచే పండు ఈగలు ఇల్లంతా తిరుగుతున్నాయి. భార్యకు విషం భయం. కప్ప పరిస్థితి కూతురికి ఇంకా చెప్పలేదు. ఆయన అడిగినవి మూడు: మొత్తం పీకేసి మళ్లీ కట్టాలా? కప్పల్ని తిరిగి ఇచ్చేయాలా? నాకు చేతకాని పని నెత్తికెత్తుకున్నానా?

మీ ఉత్తరంలో నీళ్ల గురించి మూడు పేజీలున్నాయి, చిక్కిపోయిన కప్ప గురించి నాలుగు వాక్యాలు. ఈ రాత్రికి పని ఆ నాలుగు వాక్యాలతోనే. ట్యాంకు ఇంకో పది రోజులు అలాగే ఉన్నా మునిగిపోయేదేమీ లేదు. ఆ కప్ప అన్ని రోజులు ఆగలేకపోవచ్చు.

వీపెక్కి కూర్చోవడం ఆట కానే కాదు. టింక్టోరియస్ కప్పలు, ముఖ్యంగా ఆడవి, ఈడుకొచ్చేకొద్దీ ఒకదాన్నొకటి సహించలేవు. కరవవు కాబట్టి గాయం కనబడదు. వెనక నుంచి వాటేసుకుంటాయి, మీదెక్కి తలను నేలకేసి నొక్కుతాయి, వెంటపడి మేత దగ్గర్నుంచి తరిమేస్తాయి. ఓడిన కప్ప క్రమంగా బయటికి రావడం మానేస్తుంది. మిగతావాటికి అందని చోటు వెతుక్కుని పైకెక్కి కూర్చుంటుంది. మీరు రాసిన వెనక మూల అదే. చిన్నప్పుడు మూడూ కలిసిమెలిసి తిరిగి ఉంటాయి, ఇప్పుడు వయసు వస్తోంది. మీ వల్ల జరిగిన పొరపాటుగా దీన్ని మోయకండి. ఈ వయసులో ఆడా మగా తేల్చడం పెంచేవాళ్లకే కష్టం.

అందుకని ఉత్తరం చదివిన రోజే ఆ కప్పను వేరు చేయండి. మూతున్న ప్లాస్టిక్ డబ్బా చాలు, 30 సెం.మీ. పొడవు, 20 వెడల్పు ఉంటే సరిపోతుంది. మూతకు సన్నటి సూదితో పది పన్నెండు రంధ్రాలు చేయండి. అడుగున రంగూ వాసనా లేని పేపర్ టవల్ రెండు పొరలు పరిచి తడపండి, నీళ్లు నిలవకూడదు. ఒక మూల వేడినీళ్లలో నానబెట్టి చల్లార్చి పిండిన స్ఫాగ్నమ్ నాచు గుప్పెడు, దాక్కోవడానికి సగం కొబ్బరిచిప్ప, ఒకటి రెండు పోథోస్ (మనీప్లాంట్) ఆకులు పెట్టండి. ఇంతకు మించి అలంకారం వద్దు, ఎందుకంటే ఈ డబ్బాలో మనకు కావలసింది కప్ప తిన్నదీ విసర్జించిందీ కళ్లకు కనబడటం. టవల్ రెండు రోజులకోసారి మార్చండి. డబ్బాను 22 నుంచి 24 డిగ్రీల మధ్య, ఎండా లైటూ నేరుగా పడని చోట ఉంచండి. కప్పను చేత్తో పట్టకండి. చిన్న గ్లాసు ముందు పెట్టి వెనక నుంచి మెల్లగా తోలితే అదే ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. డబ్బాలో ఒక గంట కుదురుకోనిచ్చి, ఐదారు చిన్న పండు ఈగల్ని వదిలి, కదలకుండా పది నిమిషాలు చూడండి. కప్ప ఈగను గమనించి, వెనక కాలి వేళ్లు టకటక కొట్టి, నాలుక విసిరి పట్టేస్తే, ఒంట్లో జబ్బు లేదనడానికి అది మంచి సూచన, తోటి కప్పే దాన్ని పస్తు పెట్టింది. నాలుక విసురుతోంది గానీ ఈగ తగలడం లేదు, లేదా తగిలీ అతుక్కోవడం లేదు అంటే విటమిన్ ఎ లోపాన్ని అనుమానించాలి. బాగానే తింటూ వారం తర్వాత కూడా బరువు పెరగకపోతే కడుపులో పురుగులు ఉండే అవకాశం ఎక్కువ. అసలు ఈగ వైపే చూడకుండా కళ్లు సగం మూసి కూర్చుంటే ఆగకండి, ఉభయచరాలను చూసే పశువైద్యుడి దగ్గరికి అదే రోజు తీసుకెళ్లండి.

మేత ఒకేసారి గుమ్మరించొద్దు. నీరసంగా ఉన్న కప్ప మీద ఈగలు పాకితే దానికి నిద్ర ఉండదు. పూటకు పదిహేను చొప్పున రెండుసార్లు వేయండి, మధ్యలో స్ప్రింగ్‌టెయిల్స్ అనే నలుసంత నేల పురుగుల్ని కాసిని చల్లండి. గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసు తీసుకుని వారానికి రెండుసార్లు తూచండి. డబ్బాతో తూచి డబ్బా బరువు తీసేస్తే సరి. ఎన్ని గ్రాములున్నదన్న దానికంటే ఏ వైపు వెళ్తోందన్నది ముఖ్యం.

మలం పరీక్షకు పంపాలి. టవల్ మీద పడిన తాజా మలాన్ని చుక్క నీటితో చిన్న సీసాలోకి తీసి, ఫ్రిజ్‌లో ఉంచి, ఒక రోజులోగా అందించండి. గడ్డకట్టించకూడదు. మిగతా రెండు కప్పలవీ విడిగా పంపండి, ఒకే ట్యాంకులో తిరిగాయి కదా. ఊపిరితిత్తుల పురుగులు, పేగు పురుగులు, కాక్సిడియా అనే ఏకకణ పరాన్నజీవులు ఉన్నాయేమో చూడమనండి. చర్మం మీద దూదిపుల్లతో నమూనా తీసి, కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ శిలీంధ్రానికి పీసీఆర్ కూడా చేయించగలిగితే మంచిది. పురుగులు కొద్దిగా కనబడినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్న కప్పల్లోనూ ఉంటాయి. ఒత్తిడిలో ఉన్నప్పుడే అవి పెచ్చుమీరతాయి. మందు మాత్రం సొంతంగా వేయకండి. నాలుగైదు గ్రాముల ప్రాణికి మోతాదు చుక్కలో భాగాల్లో ఉంటుంది, అంచనా తప్పితే మందే చంపుతుంది.

పొడి సంగతి. వారానికోసారి విటమిన్ చాలదు, అదీ కాక మీ డబ్బా లైటు వేడికి ఉడుకుతోంది. విటమిన్ ఎ, డి3 వేడికీ గాలికీ త్వరగా చెడతాయి. దాన్ని పారేయండి. డి3 కలిసిన కాల్షియం పొడిని దాదాపు ప్రతి మేతకూ ఈగలకు పట్టించాలి. విటమిన్ ఎ రెటినాల్ రూపంలో ఉన్న పొడి అవసరం. బీటా కెరోటిన్ అని మాత్రమే రాసి ఉంటే దాన్ని నమ్ముకోకండి, కప్పలు దాన్ని విటమిన్‌గా సరిగా మార్చుకోలేవు. రెటినాల్ ఎంత తరచుగా ఇవ్వాలన్నది ఆ పొడిలో ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది, ఎక్కువైనా హానే కాబట్టి డబ్బా మీది సూచన దాటొద్దు. తెరిచిన తేదీ డబ్బా మీద రాసి, ఆరు నెలలకు మార్చేయండి.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. మీ నాజిల్‌ను గ్లాసులో పెట్టి నిమిషం పట్టి కొలవండి. 80 మి.లీ. వచ్చిందనుకుందాం. రెండు నాజిళ్లు, రోజుకు నాలుగు నిమిషాలు, అంటే రోజుకు 640 మి.లీ., నెలకు 19 లీటర్ల పైమాట. మూత బిగించేశారు కాబట్టి ఒక్క చుక్క బయటికి పోదు. మీ ట్యాంకు అడుగు వైశాల్యం 2,700 చదరపు సెంటీమీటర్లు. గులకరాళ్ల మధ్య ఖాళీ నలభై శాతం ఉంటుందనుకుంటే, రోజుకు అర సెంటీమీటరు పైనే నీటిమట్టం లేస్తుంది. మూడు సెంటీమీటర్ల అడుగు పొర ఐదారు రోజుల్లో నిండిపోయింది. ఆ తర్వాతిదంతా కొబ్బరిపొట్టులోకి వెళ్లింది. మధ్యలో మెష్ లేదు కాబట్టి పొట్టు రాళ్ల సందుల్లోకి దిగి, దీపంలో వత్తిలా నీటిని పైకి లాగింది. గాలి అందని తడిలో పెరిగే బాక్టీరియా వల్లే ఆ గుడ్ల వాసన.

డార్ట్ కప్పలకు తేమ కావాలన్నది నిజమే, 70 నుంచి 90 శాతం మధ్య హాయిగా ఉంటాయి. గాలి ఆడని నూరు శాతం మాత్రం వేరే సంగతి. చర్మం మీది తడి ఆరుతుంటేనే కప్పకు చల్లదనం. ఆరడానికి చోటు లేకపోతే 27, 28 డిగ్రీలు కూడా దానికి ఉక్కిరిబిక్కిరే, 30 దాటితే ప్రాణం మీదికొస్తుంది. పగలు 22 నుంచి 26, రాత్రి ఒకటి రెండు డిగ్రీలు తక్కువ ఉండేలా చూడండి. తేమ సరిపోయిందా లేదా అన్నది తేమ కొలిచే హైగ్రోమీటర్ కంటే ఆకులే బాగా చెబుతాయి. స్ప్రే చేసిన రెండు మూడు గంటల్లో ఆకులు ఆరాలి, కిందనున్న ఆకు చెత్త లోపల మాత్రం చెమ్మగానే ఉండాలి.

ఈ ట్యాంకును ఏం చేయాలన్న దానికి రెండు దారులున్నాయి. మొదటిది మరమ్మతు. మూల నుంచి సన్నటి గొట్టం దించి నీళ్లు లాగేయడం, మూత సడలించడం, స్ప్రే తగ్గించడం, రెండు వారాలు ఆరనివ్వడం. వాసన లేకుండా కేవలం తడి ఎక్కువైన ట్యాంకుకైతే నేనిదే చెప్పేవాణ్ని. మీ దాంట్లో పొట్టు అప్పటికే రాళ్లలోకి దిగిపోయింది, అది మళ్లీ మళ్లీ నీళ్లు లాగుతుంది. పైకి బాగుపడినట్టు కనిపించి మూడు నెలల్లో ఇదే స్థితికి వస్తుంది. రెండోది మొత్తం తీసేసి కట్టడం. నా మొగ్గు దీని వైపే. కానీ ఇవాళ మొదలుపెట్టకండి. మలం పరీక్షలో పురుగులు తేలితే చికిత్స ముగిసేదాకా కప్పలు డబ్బాల్లోనే ఉండాలి, వాటి గుడ్లూ లార్వాలూ ఉన్న మట్టి, ఆకులు, మొక్కలు బయటికి పోవాలి. ఫలితం రాకముందే కొత్తగా కట్టేస్తే రెండోసారి కట్టాల్సి వస్తుంది. ఈలోగా మిగతా రెండు కప్పల కోసం నీళ్లు లాగేసి, స్ప్రేను పొద్దున సాయంత్రం ఇరవై సెకన్లకు దించి, పైమూతకు వేసిన ప్లాస్టిక్ ఊడదీయండి.

కట్టేటప్పుడు అడుగున ఐదు సెంటీమీటర్లు కాల్చిన మట్టి గుళికలు వేయండి. గులకరాళ్లకంటే తేలిక, అద్దం మీద బరువు పడదు. ఒక మూల వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా నిలబెట్టండి, ఎప్పుడు నీరెక్కువైనా అందులోంచి లాగేయొచ్చు. దాని పైనోరు మూయడం మరవకండి, కప్ప పడితే పైకి రాలేదు. గుళికల మీద ఫైబర్‌గ్లాస్ మెష్ పరిచి, అంచుల్ని నాలుగు వైపులా రెండు మూడు సెంటీమీటర్లు పైకి మడవండి. చాలామంది మెష్‌ను సరిగ్గా అడుగు కొలతకే కత్తిరిస్తారు, మట్టి దిగేది సరిగ్గా ఆ అంచు సందులోంచే.

దాని మీద ఒట్టి కొబ్బరిపొట్టు వద్దు, ఏడాదిలో మెత్తబడి ముద్దవుతుంది. అట్లాంటా బొటానికల్ గార్డెన్ పేరుతో వాడుకలో ఉన్న మిశ్రమం ఇప్పటికీ నమ్మదగ్గది: చెట్టు ఫెర్న్ నార రెండు పాళ్లు, సన్నటి బెరడు ముక్కలు రెండు పాళ్లు, తరిగిన స్ఫాగ్నమ్, బొగ్గు, పీట్ ఒక్కో పాలు. ముందు వైపు ఆరు, వెనక పది సెంటీమీటర్ల ఎత్తు పోయండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు రాలాలి, ధార కారితే తడి ఎక్కువైనట్టు. ఆ పైన ఆకు చెత్త, కనీసం మూడు సెంటీమీటర్ల మందాన. మందులు కొట్టని చెట్ల ఎండుటాకులు, బాదం, ఓక్, మాగ్నోలియా ఏవైనా పది నిమిషాలు మరిగించి వాడండి. ఈ పొరలోనే కప్పలు వేటాడతాయి, దాక్కుంటాయి, అందుకే దీని దగ్గర పిసినారితనం కూడదు.

పాత మొక్కల్లో కుళ్లనివి దాచుకోవచ్చు, పరీక్షలో ఏమీ తేలకపోతేనే. కొత్తవి తెస్తే వేళ్ల మట్టి అంతా కడిగేసి, ఒక పాలు బ్లీచ్‌కు ఇరవై పాళ్ల నీళ్లలో ఐదు నిమిషాలు ముంచి, బాగా కడిగి, విడిగా కొన్ని వారాలు పెంచండి. నర్సరీలో వేసిన పురుగుమందు ఆనవాళ్లు పోవడానికి ఆ వ్యవధి కావాలి. పోథోస్, ఫిలోడెండ్రాన్, పెపరోమియా, పాకే మర్రిజాతి ఫైకస్ ప్యూమిలా ఓర్చుకుని బతుకుతాయి. చెట్ల కొమ్మల మీద పెరిగే నియోరెజీలియా బ్రొమీలియాడ్‌లను మట్టిలో పాతకండి, కొమ్మకు కట్టండి. మీవి కుళ్లింది సగం అందుకే. లైటుకు 6,500 కెల్విన్ ఎల్ఈడీ, రోజుకు పన్నెండు గంటలు. స్ప్రేకు ఆర్వో లేదా డిస్టిల్డ్ నీళ్లు. కుళాయి నీటిలో క్లోరిన్ కప్ప చర్మానికి పడదు, ఖనిజాలు అద్దం మీద తెల్లటి మరకలు కడతాయి.

మూతలో ముందు వైపు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పున స్టీలు జాలీ పట్టీ పెట్టించండి, రంధ్రం అర మిల్లీమీటరు మించకూడదు. గాలి ఆడుతుంది, ఈగ దూరదు. మొదటి రోజే స్ప్రింగ్‌టెయిల్స్, చిన్న తెల్ల ఐసోపాడ్‌లు (కుళ్లిన ఆకులు తినే, పురుగుల్లాంటి జీవులు) వదిలి, ఐదారు వారాలు కప్పలు లేకుండా నడవనివ్వండి. రెండో వారంలో కొమ్మల మీద తెల్లటి బూజు వస్తుంది, తుడవకండి. స్ప్రింగ్‌టెయిల్స్‌కు అదే తిండి. మీరు మూడో రోజే కప్పల్ని వదలడంతో ఈ శుభ్రం చేసే సైన్యం ఎదగనేలేదు.

మీ ఆవిడ భయానికి సూటిగా జవాబు చెప్పొచ్చు. ఈ కప్పల విషం వాటి సొంత తయారీ కాదు. అడవిలో తినే చీమలు, మైట్‌లనే సూక్ష్మ పురుగుల నుంచి ఆల్కలాయిడ్లనే విష పదార్థాలను చర్మంలో పోగేసుకుంటాయి. పండు ఈగల మీద పెరిగినవాటికి ఆ సరుకే దొరకదు. కొలంబియాలో బాణాలకు వాడిన ఫిల్లోబేటిస్ జాతులు వేరు, మీవి ఆ కోవలోవి కావు. అయినా అమ్మాయి చేతులు కడుక్కోవాలి, ట్యాంకులో పెట్టేముందూ తీసిన తర్వాతా. ముందు కడగడం కప్ప కోసం, సబ్బు జాడ మిగలకుండా. తర్వాత కడగడం పిల్ల కోసం, ఉభయచరాల మీద సాల్మొనెల్లా ఉండొచ్చు.

ఇంట్లో తిరిగే ఈగలు మీ పెంపకపు రెక్కల్లేని ఈగలే అయితే ఎగరలేవు, పాకుతాయి. ఎగురుతున్నాయంటే బయటి ఈగలు సీసాలోకి చొరబడి కలిశాయన్నమాట. ఆ సీసాను మూత తీయకుండా ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి పారేయండి, కొత్త సీసాలు వారానికొకటి చొప్పున మొదలుపెట్టండి. పాతది ఖాళీ అయ్యాక కొత్తది మొదలుపెడితే మధ్యలో రెండు వారాలు కప్పలు పస్తే. సీసాల్ని సబ్బునీళ్ల పళ్లెంలో చిన్న దిమ్మ మీద నిలబెడితే మైట్‌లు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకవు.

అమ్మాయికి ఈరోజే చెప్పండి. డబ్బాలో కప్పను చూసి తనే అడుగుతుంది, అప్పుడు చెప్పడం ఇంకా కష్టం. జబ్బుపడిందని, బతుకుతుందో లేదో తెలియదని, బరువు రాసే పుస్తకం తన చేతిలోనే ఉంటుందని చెప్పండి. పదకొండేళ్ల పిల్లకు గ్రాముల లెక్క రాయడం రాదా?

బాగుపడ్డాక ఈ కప్పను మళ్లీ ఆ రెండింటితో కలపొద్దు. ఇది మాత్రం మీ ఇష్టానికి వదలడం లేదు. కొత్త ట్యాంకైనా, ఎంత పెద్దదైనా పాత కథే మొదలవుతుంది. మీ ముందున్నవి ఇవి. దానికి విడిగా 30 లేదా 45 సెం.మీ. ఘనపు ట్యాంకు కట్టడం ఒకటి, పని రెట్టింపవుతుంది గానీ కప్ప మీ దగ్గరే ఉంటుంది. పెంపకందారుకు తిరిగి ఇవ్వడం రెండోది, జబ్బు సంగతి దాచకుండా, పరీక్ష ఫలితాలతో సహా. మిగిలిన జంట మీదా ఓ కన్నేయండి. ఏడాది దాటాక ముందుకాళ్ల వేళ్ల చివరలు చూడండి, మగవాటికి వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి, ఆడవి సన్నం. రెండూ ఆడవే అని తేలితే వాటినీ విడదీయాల్సిన రోజు రావచ్చు. గుంపుగా పెంచాలన్నదే అమ్మాయి కోరికైతే, మున్ముందు డెండ్రోబేటిస్ ల్యూకోమెలాస్ అనువైనది, పసుపూ నలుపూ పట్టీలది, నాలుగైదు కలిసి సర్దుకుంటాయి. టింక్టోరియస్‌తో కలిపి మాత్రం వద్దు.

మూడింటినీ ఇచ్చేయాలనిపిస్తే అది ఓటమేమీ కాదు. రోజూ ఈగల సీసాలు చూసుకునే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోతే ఇవ్వడమే కప్పలకు మేలు. చేతకాదా అని అడిగారు. చిక్కిపోయిన కప్పను రెండు నెలల్లోనే గమనించారు, తుంటి ఎముకల దాకా చూశారు. మిగతాది కొలతల పని, నేర్చుకుంటే వస్తుంది. ఇచ్చేది ఎవరికైనా, వాటిని తోటలోనో చెరువు గట్టునో వదిలే ఆలోచన మాత్రం రానివ్వకండి. అవి చనిపోవచ్చు, కైట్రిడ్ ఉంటే అక్కడి కప్పలకూ అంటిస్తాయి. ట్యాంకు లోంచి తీసిన మట్టినీ మొక్కల్నీ కూడా సంచిలో బిగించి చెత్తలోనే వేయండి, తోటలో పోయొద్దు.

ఒకవేళ చిక్కిన కప్ప నిలవకపోతే, దేహాన్ని తడి టవల్‌లో చుట్టి సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు. ఒక రోజులోగా వైద్యుడి దగ్గరికి చేరిస్తే కారణం తేలే వీలుంటుంది, మిగతా రెండింటికి ఏ చికిత్స కావాలో దాన్ని బట్టే తెలుస్తుంది.